మరుపు గుమ్మం

వరుణపట్నం గ్రంథాలయంలో ఇప్పుడు నిషేధించిన పుస్తకమంటూ లేదు. గ్రంథ స్వేచ్ఛా సంఘం కోర్టుకెళ్లి గెలిచింది. పుస్తకాలన్నీ అల్మారాల్లోకి తిరిగొచ్చాయి. అయితే బయటికొచ్చే దారిలో ప్రభుత్వం ఒక గుమ్మం కట్టించింది.

"కొత్త జ్ఞాపకం మెదడులో గట్టిపడడానికి కొన్ని గంటలు పడుతుంది," అని దాన్ని తయారుచేసిన డాక్టర్ తారకేశ్వరం సంఘం వాళ్లకు వివరించాడు. "ఆరని సిమెంటు మీద గీత చెరిపినట్టు, ఈ గుమ్మంలోని అల్ట్రాసౌండ్ దాన్ని చెరిపేస్తుంది. లోపల గడిపిన సమయమే పోతుంది. నొప్పి ఉండదు."

"విస్తరి వేసి, వడ్డించి, తిన్నది కక్కించినట్టుంది," అంది హైమవతి.

ఆమె కూతురు చారుమతి రసాయనాల ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై చనిపోయింది. ఆ రోజు ఫ్యాక్టరీ గేటు తెరవనివ్వనిది ఎవరో గ్రంథాలయం లోపలున్న ఒక పుస్తకంలో రాసి ఉంది. హైమవతి ఎన్నోసార్లు చదివింది. ప్రతిసారీ ఉబ్బిన కళ్లతో, ఏమీ తెలియకుండానే బయటికొచ్చింది.

సంఘం పెద్ద జగ్గారావు మాస్టారు ఉపాయం చెప్పాడు. "కిటికీ దగ్గర నిలబడి గట్టిగా చదువమ్మా. మేం బయటే ఉండి వింటాం. నువ్వొచ్చాక చెబుతాం."

హైమవతి తమ్ముడిలా చూసుకునే కార్యదర్శి నాగభూషణం మాత్రం వద్దన్నాడు. ఒకప్పుడు అదే ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ రోజు సెలవులో ఉన్నానని చెబుతుండేవాడు. అతని మాట ఎవరూ వినలేదు.

మర్నాడు హైమవతి కిటికీ ఊచల వెనక నిలబడి చదివింది. "సంగతి ఊళ్లోకి పొక్కకూడదని గేటు మూసే ఉంచమన్నది షిఫ్ట్ మేనేజర్ నాగభూషణం..."

చదవడం ఆపి, ఊచల్లోంచి నాగభూషణం వైపు చూసింది.

"తమ్ముడూ, నువ్వా? గేటు గీకి గీకి నా కూతురి గోళ్లు ఊడిపోయాయి. శవం దగ్గర, ఆ చేతులు చూడొద్దని నన్ను ఆపింది నువ్వే కదరా!"

నాగభూషణం తల వంచుకున్నాడు.

"మాస్టారూ, బయటికొస్తే నేను మర్చిపోతాను. గుమ్మం దాటగానే చెప్పాలి. మాటివ్వండి."

మాస్టారు ఊచల్లోంచి ఆమె చేతిలో చెయ్యేశాడు. ఆమె పుస్తకం అక్కడే పెట్టి, గుమ్మం వైపు నడిచింది.

"రేపేగా ఈ గుమ్మం మీద కోర్టులో విచారణ," అంది సంఘంలోని ఒకావిడ గొంతు తగ్గించి. "కేసు భూషణం పేరు మీదే ఉంది. ఇప్పుడిది బయటపడితే కేసు పోతుంది, గుమ్మం ఇక్కడే ఉంటుంది."

"గెలిచాక చెబుదాం," అన్నాడు పక్కనున్నాయన.

"గెలిచాక మాత్రం ఎందుకండీ? ఆవిడ తట్టుకోగలదా?"

హైమవతి బయటికొచ్చింది. తడిసిన చెంపలు తడుముకుంది. "వినపడిందా మాస్టారూ? ఎవరట?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "అది నువ్వు చదవాల్సిన పుస్తకం కాదమ్మా. నీ మంచికే చెబుతున్నాం."

హైమవతి ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. అందరూ చూపు తిప్పుకున్నారు. చివరికి నాగభూషణం దగ్గరికెళ్లి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వీళ్లంతా ఏదో దాస్తున్నారు తమ్ముడూ. నువ్వయినా చెప్పు."