లిఫ్టులో అప్పగింత

తొమ్మిదేళ్లు పిల్లల వార్డులో నర్సుగా చేసి ఊపిరితిత్తుల వార్డుకు మారాను. అప్పటికి పన్నెండు రోజులు. పాత అలవాట్లు ఇంకా వదల్లేదు. ఎనభై ఏళ్ల ఆయనకి మాత్ర ఇస్తూ "ఆ... అను నాన్నా" అనేశాను ఒకసారి. వార్డంతా నవ్వింది. పెద్ద సిస్టర్ మాత్రం నవ్వలేదు.

"పిల్లలకి చేసినట్టు పెద్దవాళ్లకి చేస్తే కుదరదమ్మాయ్. ముఖ్యంగా ఆ ఏడో మంచం అమ్మమ్మకి. ఏళ్ల తరబడి పాడైన ఊపిరితిత్తులు ఆవిడవి. ఆయాసపడుతోంది కదా అని ఆక్సిజన్ పెంచేవు, జాగ్రత్త. మత్తులోకి జారి ఊపిరి తీసుకోవడమే మానేస్తుంది. నిమిషానికి రెండు లీటర్లు. అంతే."

ఆ అమ్మమ్మనే మధ్యాహ్నం మూడింటికి కింద ఎక్స్‌రే గదికి తీసుకెళ్లాల్సి వచ్చింది. స్ట్రెచర్ తోసే మీసాలన్న లిఫ్టు దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఈ స్ట్రెచరూ నా పొట్టా రెండూ ఇందులో పట్టవు సిస్టర్. నేను మెట్ల మీదుగా దిగి కింద తలుపు దగ్గరుంటా."

అమ్మమ్మ ముసిముసిగా నవ్వింది. తలుపులు మూసుకున్నాయి.

రెండో అంతస్తు దాటగానే ఒక కుదుపు. లిఫ్టు ఆగింది. దీపం ఆరిపోయింది.

మొదట భయం వేయలేదు. కరెంటు పోయుంటుంది, జనరేటర్ వేస్తారనుకున్నాను. ఫోను వార్డులో ఛార్జింగుకి పెట్టి వచ్చాను. చీకట్లో తడిమి గంట మీట నొక్కితే మోగలేదు. తలుపు మీద అరచేత్తో బాదాను, కేకేశాను. ఎవరూ పలకలేదు. స్ట్రెచర్‌కీ గోడకీ మధ్య నాకున్న చోటు జానెడు. పక్కకి తిరగాలన్నా కుదరదు. గాలి కదలడం లేదు. ఇనుము వాసన, ఫినాయిల్ వాసన, వాటి అడుగున ఇంకేదో... తడిసి ఆరని దుప్పటి వాసన.

అమ్మమ్మ ఊపిరిలో ఈల మొదలైంది.

"తల్లీ... ఆడట్లేదు..."

నా చెయ్యి దానంతటదే స్ట్రెచర్‌కి తగిలించిన ఆక్సిజన్ సిలిండర్ మీట మీదికి పోయింది. తిప్పబోయాను.

నా వేళ్ల మీద ఇంకో చెయ్యి పడింది. చల్లగా.

"రెండు చాలు," అంది ఒక ఆడగొంతు, నా చెవి పక్కనే. "లేపి కూర్చోబెట్టు. ముందుకి వాలనివ్వు."

చెప్పింది సరైన మాటే. అందుకే చేశాను. అమ్మమ్మని లేపి, ఒళ్లో దిండు పెట్టి దాని మీదికి వాల్చాను. "పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలండి అమ్మమ్మా," అన్నాను. ఈల కాస్త తగ్గింది.

అప్పుడు తట్టింది నాకు. నా పక్కన మనిషి నిలబడే చోటే లేదు.

"ఎవరు?"

"డ్యూటీలో ఉన్నాను," అంది గొంతు. "నా తర్వాత డ్యూటీకి ఎవరూ రాలేదు. ఎన్నాళ్లయిందో. నువ్వొచ్చావుగా. అప్పగిస్తాను, విను."

డ్యూటీ మారేటప్పుడు రోగుల్ని అప్పగిస్తూ మేం రోజూ మాట్లాడుకునే తీరే అది. తాపీగా, ఏ తేడా లేకుండా.

"మగాయన, డెబ్భై ఏళ్లు. షుగరు. చెమటలు పడుతున్నాయి, మాట తడబడుతోంది."

అమ్మమ్మ కాళ్ల వైపు మూలలో ఎవరో రొప్పుతున్నారు.

"బాలింత, ఇరవై రెండు. రక్తం ఆగడం లేదు."

కింద, నేల మీద ఒక మూలుగు. నా చెప్పులకి ఏదో తడి తగిలింది.

"ఆడపిల్ల, ఆరేళ్లు. జ్వరంతో ఫిట్స్."

చిన్న వేళ్లు నా యూనిఫాం అంచు పట్టుకున్నాయి.

చక్కెర పెట్టాలి. పొత్తికడుపు రుద్దాలి. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. జవాబులన్నీ నాలిక చివర ఉన్నాయి. పళ్లు బిగబట్టాను. మా పనిలో అంతే, అప్పగింత వింటూ ఒక్కసారి నోరు విప్పితే ఆ రోగి ఇక మన రోగే.

"బిడ్డ. మూడు రోజులు. ఒళ్లు చల్లబడిపోతోంది."

ఏడుపు కూడా కాదు. పిల్లికూన కూతలాంటిది. ఒక్కసారి వినబడి ఆగిపోయింది.

"ఏం చేస్తావు?" అనడిగింది.

తొమ్మిదేళ్లు... అలాంటి పసికందులు ఎందరో ఈ చేతుల్లోంచి...

"గుండెకి హత్తుకుంటాను." మాట జారిపోయింది.

ఎడమ చేతిలో బరువు పడింది. రెండున్నర కిలోలుంటుంది. మంచుముద్ద.

"మంచిది. మిగతావాళ్లని కూడా తీసుకో. తీసుకున్నానని ఒక్క మాట అను. నేను వెళ్లిపోతాను."

"నా డ్యూటీ అమ్మమ్మ ఒక్కతే," అన్నాను.

"అయితే ఆవిణ్ని నాకివ్వు."

సిలిండర్ మీట కిర్రుమంది. గాలి బుస పెరిగింది... ఇంకా పెరిగింది. అమ్మమ్మ తల మెల్లగా నా భుజం మీదికి ఒరిగింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. మీట కోసం తడిమాను. దాని మీద ఆ చల్లటి చెయ్యి ఉంది. ఎంత లాగినా కదల్లేదు. ఎడమ చెయ్యి వదిలేస్తే రెండు చేతులతో లాగగలను. వదల్లేకపోయాను.

అమ్మమ్మ ముక్కు దగ్గరి గొట్టం పీకేశాను. ఆవిడ చెంపలు తట్టాను, భుజం గిల్లాను.

"అమ్మమ్మా, లేవండి. ఊపిరి తియ్యండి. వదలండి. మళ్లీ తియ్యండి... ఇవ్వను. ఆవిణ్ని ఇవ్వను. తియ్యండి అమ్మమ్మా..."

ఎంతసేపు అన్నానో తెలియదు.

దీపం వెలిగింది. లిఫ్టు కదిలింది. తలుపులు తెరుచుకునేసరికి ఎదురుగా మీసాలన్న.

"నాలుగు నిమిషాలకే ఇన్ని చెమటలా సిస్టర్?"

నా వెనక ఉత్త గోడ. నేల పొడిగా ఉంది. సిలిండర్ మీట చివరిదాకా తిరిగి ఉంది. దాన్ని రెండుకి తగ్గించి గొట్టం పెట్టాను. అమ్మమ్మ కళ్లు తెరిచింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వచ్చేసింది నాకు.

ఎక్స్‌రే గదిలో మీసాలన్న ఆవిణ్ని కూర్చోబెట్టి బయటికి వెళ్లాడు. అమ్మమ్మ అలిసిపోయిన కళ్లతో నన్ను చూసింది. నా మొహాన్ని కాదు, కాస్త కిందికి.

"తల్లీ," అంది నెమ్మదిగా. "మెడ కింద చెయ్యి పెట్టు. తల వాలిపోతోంది."

వంగి చూసుకున్నాను. నా ఎడమ చెయ్యి ఇంకా గుండెల దగ్గర మడిచే ఉంది. అందులో ఏమీ లేదు. ఏమీ కనబడలేదు.

కుడి అరచెయ్యి మెల్లగా తెచ్చి, బిడ్డ మెడ ఉండాల్సిన చోట పెట్టాను.

తగిలింది. లిఫ్టులో ఉన్నంత చల్లగా లేదు.