సాక్షి పళ్లెంలో కొక్కెం

గ్వెండా రడ్జ్ వానలో తడిసి ముద్దయి వచ్చింది. గొడుగు చేతిలోనే ఉంది, తెరవాలన్న సంగతి మరిచిపోయినట్టుంది.

"నన్ను దొంగ అంటున్నారండీ," అంది, కుర్చీ చూపించినా కూర్చోకుండా. "ఈ సాయంత్రంలోగా నిజం తేలకపోతే నా షెడ్డుకు తాళమే."

డిటెక్టివ్ ఫ్లారెన్స్ ఇంపీ నింపాదిగా అల్లం బిస్కట్టు టీలో ముంచింది. ఆమె సహాయకుడు కాబ్లీకి మాత్రం అప్పుడే కాలు నిలవలేదు. ఎవరైనా కంగారు పడితే చాలు, అది జలుబులా అతనికి అంటుకుంటుంది.

కొవెంట్రీలో పాత కార్లకు మళ్లీ ప్రాణం పోయడం గ్వెండా వృత్తి. ఇప్పుడామె షెడ్డులో ఉన్నది క్లైవ్ ఆంబ్లర్ అనే ఆసామి కారు. హాల్‌బరీ కంపెనీ పందేల కోసం ప్రత్యేకంగా చేసిన కొద్ది కార్లలో అదొకటని ఆయన నమ్మకం. మామూలు హాల్‌బరీల చిన్న భాగాలకు వెండి రంగు పూత ఉండేది. పందెం కార్లకు మాత్రం బానెట్ కొక్కెం నుంచి దాని కింది వాషర్ దాకా అన్నీ ఒకే తొట్టిలో ముంచి పసుపు పూత వేసేవారు.

"అందుకే కొక్కేన్ని మురికితో సహా సాక్షి పళ్లెంలో, అంటే రుజువుగా చూపే అసలు భాగాలు దాచే పళ్లెంలో పెట్టాను," అంది గ్వెండా. "సాక్షిని కడగకూడదు, తుడవకూడదు. నారిస్ మాస్టారు నాకు నేర్పిన మొదటి పాఠమే అది. నిన్న హాల్‌బరీ కార్ల క్లబ్బు తరఫున పరీక్షకు మార్చంట్ గారు వచ్చి చూసి, ఇది ఈమధ్య వేసిన పూత అన్నారు. ఇంకేముంది, అసలుది అమ్ముకుని నకలు పెట్టానని ఆంబ్లర్ గారు విరుచుకుపడ్డారు. ఈ సాయంత్రం దాకా చూసి పోలీసులను పిలుస్తారట."

"పళ్లెం దగ్గరికి ఎవరెవరు వెళ్తారు?"

"నేను, మాస్టారు. ఆదివారాలు ఆంబ్లర్ గారు. కారును చూడకపోతే ఆయనకు నిద్ర పట్టదు."

షెడ్డులో ఆంబ్లర్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. గ్వెండా పనిబల్ల నిండా గ్రీజు, ఎండిన టీ మరకలు. దాని పక్కనున్న బల్ల నారిస్ ట్యూసన్‌ది. పూత పనిలో తల నెరిసిన మనిషి. ఆయన నూనె డబ్బా అడుగు భాగం కూడా అద్దంలా మెరుస్తోంది. ఇంపీ ఆయన ఇచ్చిన టీ ఒక గుక్క తాగి కప్పు ఆయన బల్ల మీద పెట్టిందో లేదో, కింది తడిని ఆయన గుడ్డతో తుడిచేశాడు. ఇంత శుభ్రమైన మనిషి కాబ్లీకి వెంటనే నచ్చేశాడు.

"పోలీసులకు ఫోన్ చేస్తాను," అన్నాడు ఆంబ్లర్.

"చేద్దురుగాని. ఆదివారం ఇక్కడేం చేశారు?" అని అడిగింది ఇంపీ.

"నా కారులో కూర్చున్నాను."

"ఊరికేనా?"

"స్టీరింగ్ తిప్పాను," అన్నాడాయన, ముఖం కందగడ్డ చేసుకుని.

"నోటితో ఇంజిన్ చప్పుడు కూడా చేసుంటారు," అని ఇంపీ కొక్కేన్నీ భూతద్దాన్నీ కాబ్లీ చేతిలో పెట్టింది. "బానెట్ మూసినప్పుడు గడియ నాలుక రాసుకునే చోట ఏముంది?"

"అరిగి గుంట పడిందండీ."

"గుంటలో?"

"నున్నగా పసుపు పూత. స్ప్రింగు దాక్కునే లోపలి మూలలో కూడా ఉంది. ఎక్కడా వదల్లేదు. అద్భుతమైన పని!"

"అదే వచ్చిన చిక్కు," అంది ఇంపీ.

భోజనాలయ్యాక మార్చంట్ వచ్చింది. ఇంపీ అందరినీ కారు చుట్టూ నిలబెట్టింది. రేకుల కప్పు మీద వాన హోరు. కాబ్లీ జేబులోని చిల్లరను ఆడిస్తూనే ఉన్నాడు.

"ఆంబ్లర్ గారూ, మీ కొక్కేన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. ఇదే అది."

"కొత్తదని ఈవిడే చెప్పారుగా!"

"పూత కొత్తదన్నారు. లోహం కొత్తదనలేదు. కొత్త నకలుకు ఏళ్ల తరబడి రాసుకున్న గుంట ఎక్కడి నుంచి వస్తుంది? పాత పూతే అయితే ఆ గుంటలో ఎప్పుడో అరిగిపోవాలి. ఫ్యాక్టరీవాళ్లు కొక్కేలను గుత్తులుగా వేలాడదీసి ముంచేవారు. లోపలి మూలకు పూత అందిందా లేదా అని తొంగి చూసే తీరిక వాళ్లకెక్కడిది? ఇక్కడ ఎవరో తొంగి చూశారు. మోసగాడైతే ఆ మూల వదిలేసేవాడు. ఇది తుప్పును చూస్తే ఆగని చెయ్యి. ఆంబ్లర్ గారికి పూత వేయడం రాదు. గ్వెండాకు వచ్చు, కానీ ఆమె తన బల్ల మీది టీ మరకే తుడవదు."

ఎవరూ నారిస్ వైపు చూడలేదు. ఆయనే నోరు విప్పాడు.

"పరీక్షకు కొక్కెం కాస్త శుభ్రంగా కనబడేలా చేద్దామనుకున్నా. తుప్పు మందులో ఇలా ముంచి అలా తీశాను. తుప్పుతో పాటు పూతా లేచిపోయింది. మళ్లీ వేసి, ఎవరికీ తెలియకుండా పైన మురికి పూశాను. చెయ్యి ఊరుకోలేదు అమ్మాయ్."

"అంటే నా కారుకు సాక్ష్యం పోయినట్టేగా!" అని ఆంబ్లర్ నెత్తి పట్టుకున్నాడు.

"కొక్కెం పోయింది. వాషర్ ఉందిగా," అంది ఇంపీ.

బానెట్ అడుగున, పాత రంగులో అతుక్కుపోయి వాషర్ అలాగే ఉంది. నారిస్ అలవాటు కొద్దీ పల్చటి కత్తి అందుకుని ముందుకు వచ్చాడు.

"మాస్టారూ, మీరు ముట్టుకోకండి."

గ్వెండా తానే దాన్ని మెల్లగా లేపి, తిప్పి, మార్చంట్ అరచేతిలో పెట్టింది. వెలుగు సోకని వైపున మరకలు మరకలుగా పల్చటి పసుపు. మార్చంట్ భూతద్దం దించకుండా చాలాసేపు చూసింది.

"ఇది ఫ్యాక్టరీ తొట్టిదే. కారు అసలుదే," అంది చివరికి.

కాబ్లీ జేబులో చిల్లర చప్పుడు ఆగింది. ఆంబ్లర్ టోపీ తీసి క్షమాపణకు మాటలు వెతుక్కోసాగాడు. గ్వెండా ఆయన మాట వినడం లేదు.

"నిన్న ఆయన నన్ను దొంగ అన్నప్పుడు మీరు పక్కనే ఉన్నారు మాస్టారూ," అంది. "మీ బల్ల మీద నా కప్పు కింద తడి తుడుస్తున్నారు."

నారిస్ గుడ్డ మడిచి బల్ల మీద పెట్టి, కోటు తీసుకుని వానలోకి వెళ్లాడు.

ఇంపీ నారిస్ బల్ల మీదున్న తన కప్పు ఎత్తి, మిగిలిన చల్లటి టీ తాగేసింది. వెళ్లబోతూ కాబ్లీ వెనక్కి తిరిగి చూశాడు. కప్పు తీసినచోట నారిస్ బల్ల మీద గుండ్రటి టీ మరక. గుడ్డ దాని పక్కనే ఉంది. గ్వెండా ఆ గుడ్డను ముట్టుకోలేదు.