కొరికి వెళ్ళిన రొట్టె

"తెల్లకణాలు మూడు వందలే!" డాక్టర్ జుల్ఖుమోర్ రిపోర్టును మంచం మీదికి విసిరింది.

తాష్కెంట్ ఆసుపత్రిలో ఆమె భర్త, ఏజెంట్ మురోద్, స్పృహ లేకుండా పడి ఉన్నాడు. దిండు నిండా రాలిన జుట్టు. నోరంతా పుండ్లు. విదేశీ ముఠాకు రాడార్ కోడ్లు అమ్ముతున్న ద్రోహి పేరు సోమవారం చెబుతానన్న నోరు అది.

"మెథోట్రెక్సేట్. క్యాన్సర్ మందు," అందామె. "ఫోలిక్ యాసిడ్ వేషంలో కణంలోకి దూరుతుంది. కణం విటమిన్ అనుకుని తలుపు తీస్తుంది. ఇక కొత్త కణం పుట్టదు. క్యాన్సర్‌తోపాటు జుట్టు, నోరు, మూలుగ కూడా దెబ్బతింటాయి. వారానికొకసారి తింటే వైద్యం, రోజూ తింటే విషం."

"అచ్చం మా డ్యూటీలాగే మారువేషం," అన్నాడు ఏజెంట్ జావ్లోన్.

"జోకులా? అది మురోద్ ఆఫీసు డ్రాయర్‌లో పెట్టుకుని రోజూ తింటున్న హల్వాలో దొరికింది. ఆ గదిలోకి వెళ్ళేది మీ ముగ్గురు ఏజెంట్లే. ఇల్హోమ్ ఇరవై రోజులుగా డ్యూటీ మీద మాస్కోలో ఉండి ఇవాళే దిగాడు. ఇక మిగిలింది నువ్వు. నేను మురోద్‌ని చేసుకున్నానని ఇంకా కుళ్ళుతున్నావా?"

కుళ్ళుతున్నాడు. మూడేళ్ళుగా.

"విరుగుడు?" అన్నాడు జావ్లోన్.

"ఆ డ్రిప్‌లో ఎక్కుతోంది. ఆగిందా, పోతాడు."

తన తరఫున మాట్లాడగలిగేది ఇల్హోమ్ ఒక్కడే. జావ్లోన్ అతని ఇంటికి కారు పోనిచ్చాడు.

"మురోద్‌ని చూడ్డానికి ఇప్పుడే వెళ్ళాడు నాయనా," అంది ఇల్హోమ్ తల్లి.

జావ్లోన్ చూపు గోడ మీద ఆగింది. ఉజ్బెక్ ఆచారం ప్రకారం, ప్రయాణమయ్యేవాడు ఒక ముక్క కొరికి వెళ్ళిన రొట్టె, అతను తిరిగొచ్చి తినేదాకా అక్కడి మేకుకే వేలాడాలి. మేకు ఖాళీగా ఉంది.

"రాగానే రొట్టె తినేశాడా అమ్మా?"

"ఇవాళెక్కడిది! పది రోజుల కిందటే వచ్చాడుగా, హల్వా డబ్బా చంకలో పెట్టుకుని. గంట కూడా ఉండలేదు. రొట్టె తింటే గానీ కదలనివ్వలేదు నేను. ఎవరికీ చెప్పొద్దన్నాడులే. నువ్వేమన్నా పరాయివాడివా?"

జావ్లోన్ ఆసుపత్రికి దూసుకొచ్చాడు. జుల్ఖుమోర్ వరండాలో నిలబడి ఉంది. "ఇల్హోమ్ లోపల ఉన్నాడు. నన్ను టీ తాగి రమ్మన్నాడు."

జావ్లోన్ తలుపు తన్నాడు. ఇల్హోమ్ బొటనవేలు డ్రిప్ చక్రం మీద ఉంది. చుక్కలు ఆగిపోయాయి.

జావ్లోన్ అతని చెయ్యి మెలిపెట్టి, చక్రం తిప్పాడు. ఒక చుక్క. ఇంకొకటి.

"అసూయతో పిచ్చెక్కిందిరా నీకు," ఇల్హోమ్ నవ్వాడు. "ఊరంతటికీ తెలుసు. నీ మాట ఎవడు నమ్ముతాడు?"

"అసూయ నిజమే. కానీ ఆ రొట్టె తిన్నది నేను కాదు."

ఇల్హోమ్ నవ్వు ఆగిపోయింది.

"విషం పెట్టిందెవరు జావ్లోన్? పేరు చెప్పు!" గుమ్మంలోంచి అరిచింది జుల్ఖుమోర్.

జావ్లోన్ అతని చేతులకు సంకెళ్ళు బిగించాడు. "మాస్కో డ్యూటీలో ఉండి కూడా అమ్మ మాట జవదాటని కొడుకు. మన ఇల్హోమ్."