రేవులో రెండో గుండు

"క్లోట్జ్ హైఫాలో దిగాడు." చీఫ్ గెర్షోన్ ఫోటోను బల్ల మీదుగా తోశాడు. "రేపు మధ్యాహ్నం రేవులో ఆయిల్ ట్యాంకులు పేల్చేస్తాడు. రిమోట్ వాడి దగ్గరే ఉంటుంది. ఇలానిట్ కబురు పంపింది."

ఏజెంట్ ఎల్కానా ఫోటో ముట్టుకోలేదు. రెండేళ్ల కిందట అతని తమ్ముడు హనాన్ కారు కింద బాంబు పెట్టి చంపింది క్లోట్జే. ఈ పని ఇంకెవరికైనా ఇమ్మన్నాడు. నువ్వు, ఇలానిట్ తప్ప క్లోట్జ్‌ను కళ్లారా చూసినవాళ్లు ఇంకెవరూ లేరన్నాడు గెర్షోన్.

"రబ్బీ కొడుకువి, నీకు నేను చెప్పాలా? హత్య చెయ్యొద్దంది మన యూదు ధర్మశాస్త్రం. చంపొద్దనలేదు. జనాన్ని చంపబోయేవాణ్ని ఆపడం తప్పుకాదు."

"ఆపడం వరకే, గెర్షోన్. పగతో చంపితే అది హత్యే."

"అయితే పగని ఇంట్లో పెట్టి వెళ్లు."

మర్నాడు పన్నెండుకి రెండు నిమిషాలుండగా ఎల్కానా క్రేను మెకానిక్ వేషంలో రేవులో ఉన్నాడు. పనిముట్ల పెట్టెలో సైలెన్సర్ పిస్టల్. క్లోట్జ్ చెయ్యి పట్టుకుని పసుప్పచ్చ గౌనులో ఇలానిట్ నడిచొస్తోంది. ఏడాదిగా క్లోట్జ్ ముఠాలో ఉంటూ ఇటు కబుర్లు చేరవేస్తున్నది ఆమే.

"ఇక్కడ నిమ్మరసం దొరుకుతుందా?" అందామె గట్టిగా. రిమోట్ బయటికి తీశాడని సంకేతం.

క్లోట్జ్ బొటనవేలు మీట మీదికి వెళ్లింది. ఎల్కానా కాల్చాడు. గుండు మణికట్టులో దిగింది. కిందపడ్డ రిమోట్‌ను ఇలానిట్ లాక్కుని బ్యాటరీ పీకేసింది. ట్యాంకులు దక్కాయి.

క్లోట్జ్ మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ పైకెత్తి, లొంగిపోతున్నానన్నాడు. ఎల్కానాకు ఆ మాట స్పష్టంగా వినిపించింది. అతను ఊపిరి పీల్చుకున్నాడు, గురి చూశాడు, మళ్లీ కాల్చాడు.

ఇలానిట్ రిమోట్‌ను పక్కన పెట్టి అడిగింది. "మొదటిది రేవు కోసం. రెండోది ఎవరి కోసం, ఎల్కానా?"

అతను పిస్టల్‌ను పనిముట్ల పెట్టెలో పెట్టేశాడు. హనాన్ మొహం గుర్తు తెచ్చుకోబోతే చేతులెత్తిన క్లోట్జ్ మొహమే కనిపిస్తోంది.

ఎదురు తిరగబోతే చంపాల్సివచ్చిందని రిపోర్టు రాశాడు గెర్షోన్. చాలా బాగా చేశావన్నాడు. ఎల్కానా సెలవు అడిగాడు. చిన్నప్పుడు తండ్రి చెప్పింది గుర్తొచ్చింది: పూర్వం పొరపాటున మనిషిని చంపినవాడు పారిపోయి తలదాచుకోడానికి ఆరు ఊళ్లుండేవి. కావాలని చంపినవాణ్ని బలిపీఠం దగ్గర్నుంచైనా ఈడ్చుకుపొమ్మంది ధర్మశాస్త్రం.

"ఎక్కడికి వెళ్తావు?" ఫారం నింపుతూ అడిగాడు గెర్షోన్.

"నాకు వెళ్లడానికి ఏ ఊరూ లేదు."

గెర్షోన్ అదే మాట రాసుకుని, పది రోజులు మంజూరు చేశాడు.