వార్నీషు ఆరని పడవ

కోవిల్‌పట్టి నుంచి కయత్తారు పొయ్యే దోవలో మూతబడిన అగ్గిపెట్టెల కార్ఖానా షెడ్డు ఒకటి ఉంది. పొద్దుగూకినాక అటు పోతే లోపలినుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారంట... ‘ఆఁ’ అన్నామా, జొరమేనంట. గాలిమరలకి కావలి కాసేవాడు కూడా ఆ దోవ మానుకున్నాడని చెప్పుకుంటారు.

చెల్లసామికి మాత్రం వేరే గతి లేదు. వానలకి వాగు పొంగితే అవతలి మినపచేనికి పోలేక, చేతికొచ్చిన పంట కుళ్లిపోతోంది. పడవ చేస్తానన్నాడు. ఊరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు బావమరిది శంకరలింగం. పడవ పెట్టుకోను ఆ షెడ్డే దొరికింది — పని మాత్రం పగటిపూటే.

చెక్కకి ఏం పూయాల? తూత్తుకుడిలో పడవలు కట్టే అంతోణి, “వట్టి చేపనూనె పట్టించు, దానిమీద ఇంకేమీ పూయొద్దు” అన్నాడు. రంగుల అంగడాయన వార్నీషే మేలన్నాడు. ఒకటి చాలదేమోనని చెల్లసామి రెండూ పూసినాడు — నూనె మీద వార్నీషు!

నాలుగు రోజులకి ఒక సాయంత్రం మబ్బు కమ్మింది. షెడ్డు రేకులు కారతాయని గుర్తొచ్చి, టార్పాలిన్ చంకన పెట్టుకొని పరిగెత్తినాడు. తలుపు చేరేసరికి చీకటి పడింది.

లోపల... చర్ర్... చర్ర్...

తలుపు సందుకి చెవి పెట్టినాడు.

“బావా...”

గుసగుస! పేరు పెట్టి పిలుస్తుందన్నారే గాని, వరస పెట్టి పిలుస్తుందని ఎవురూ చెప్పలేదే!

“ఎ... ఎవురు?” నోరు జారింది. ఇంక జొరం ఖాయం.

“మెల్లగా మాట్లాడు బావా... నన్ను ఇడిపించు...”

తలుపు తోసి టార్చి వేసినాడు. పడవ నడిమి బల్లమీద, తెడ్డు పట్టుకొని — శంకరలింగం!

“ఎట్లుందో ఒకసారి కూచొని చూద్దామని వచ్చినా. పంచె అంటుకుపోయింది. ఊళ్లో చెప్పొద్దు బావా.”

చెల్లసామికి నవ్వు రాలేదు. బల్ల తడిమి చూసుకొని, “అయ్యో, నూనె మీద వార్నీషు ఇన్నాళ్లకీ ఆరనే లేదే! అంతోణి మాట విననైతి” అని తల కొట్టుకున్నాడు.

ఇద్దరూ కలిసి పంచె లాగుతున్నారు. చర్ర్... చర్ర్...

అప్పుడు — వెనక చీకట్లో ఆడమనిషి నవ్వు. కిలకిలా...

ఇద్దరూ ఒక్క ఎగురు ఎగిరినారు. శంకరలింగం నేలమీద పడినాడు. పంచె పడవలోనే ఉండిపోయింది.

గుమ్మంలో చెల్లసామి పెండ్లాం ముత్తులక్ష్మి. మొగుడు తడుస్తాడని గొడుగు తెచ్చింది. నవ్వు ఆపుకోలేక, మొకం పక్కకి తిప్పుకొని, ఆ గొడుగు తమ్ముడి దిక్కు చాపింది.

“ముందు ఇది అడ్డం పెట్టుకోరా!”

తెల్లారేసరికి శంకరలింగం, ఎవురూ పిలవకుండానే వచ్చి, పడవమీది వార్నీషంతా గీకుతున్నాడు. ఈసారి వట్టి చేపనూనే పూసినారు. ఆ ఏడు మినుములు పడవలోనే వాగు దాటినాయి. తెడ్డు వేసింది శంకరలింగమే — బల్లమీద కూచోకుండా, నిలబడి!