తాళం పడ్డ పేరు

తొంభై నాలుగుల మా బొగ్గు బాయికి కంప్యూటర్లు వచ్చినయి. బాయి పేరు చెప్ప, అడగకుండ్రి. నేను టైం ఆఫీసుల గుమాస్తాను. అంతకుముందు మనిషి బాయిల దిగేటప్పుడు ఇత్తడి బిళ్ళ ఇచ్చి తలదీపం తీసుకునేది, పైకొచ్చినంక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకునేది. గోడకు బిళ్ళ వేలాడుతున్నదంటే మనిషి లోపలున్నట్టే. చదువు రానోడు కూడా చూసి చెప్తుండె.

బిళ్ళలు పోయినయి. దీపాల గదిల ఒకటి, నా దగ్గర ఒకటి, పెద్దాఫీసుల ఒకటి, మూడు సర్వర్లు పెట్టిండ్రు. మూడింటికి వైరు గుంజి ఒకటే ఫైలు. ఒకదిక్కు రాస్తే మూడు దిక్కుల కనబడుతది. ఒకరు ఒక పేరు తెరిచి పెడితే, వాళ్ళు విడిచేదాంక దానికి తాళం పడ్డట్టే, ఇంకొకరు ముట్టరాదు. పేరు పేరుకు పక్కన 'లోపల' అనో 'బయట' అనో ఉంటది. అందరు బయట అయితేనే షిఫ్టు మూతపడుతది.

ఆగస్టు నెల, ముసురు పట్టింది. పగటీలి మూడున్నర. అందరు బయటికొచ్చిండ్రు, ఒక్క పేరే లోపల. సీమోను, నా తమ్ముడు. బోథ్‌ల పిల్లను చూసినం, క్రిస్మస్ పోయినంక పెండ్లి. వాడు రోజు ఆఖరుకే వస్తడు. ముసలోళ్ళను ముందుగాల పంపిచ్చి, దీపం ఇచ్చుడు మరిచి, చాయ్ కాడ ముచ్చట్లు పెడ్తడు. ఎన్నిసార్లు తిట్టిన్నో!

దీపాల గదికి ఫోన్ చేసిన.

"జర ఆగు బిడ్డా, వాని దీపం ఇంక రాలే," అన్నడు రాజయ్య తాత.

గంతల్నే పెద్దాఫీసు సారు ఫోన్. "నీ ఒక్క పేరుతోని ఫైలంత ఆగింది. మూస్తవా, లేదా?"

కోపమొచ్చింది నాకు. సారు మీద కాదు, తమ్ముని మీద. వీడెప్పుడు గింతే అనుకుంట 'బయట' అని కొట్టిన.

పావుగంటకు లోపల కప్పు కూలింది. చిక్కినోళ్ళను తీయ దిగబోయేటోళ్ళు ముందు ఫైలు చూసిండ్రు. లోపల ఎవ్వరు లేరు. లేని మనిషి కోసం ఎవరు దిగుతరు? రాజయ్య తాత సుత తెర మీద 'బయట' చూసి, పిలగాడు దీపం ఇంటికి పట్టుకపోయిండు అనుకున్నడట. పొద్దుగూకినంక మా అవ్వ మగ్దలేనమ్మ గేటు కాడికొచ్చింది.

"తమ్ముడు ఇంటికి రాలే కొడుకా," అన్నది.

తెల్లారి తీసిండ్రు వాన్ని. నడిరాత్రి దాంక పానంతోనే ఉండెనట. గోడకు రాయితోని కొట్టి కొట్టి గుంతలు పడ్డయి. నూట అరవై మూడో నంబరు, వాని దీపం మాత్రం దొరకలే. నేను చేసిన పని నేను ఎవ్వరికి చెప్పలే. అవ్వకు అసలే చెప్పలే.

నలభయ్యో దినం ప్రార్థన అయిన తెల్లారి, ఆ పేరు తీసెయ్యమని కాయితం వచ్చింది. తీయబోయిన. తీయనియ్యలే. 'ఈ పేరు దీపాల గదిల తెరిచి ఉంది' అని వచ్చింది తెర మీద.

దీపాల గది అప్పటికే మూసిండ్రు, దీపాలు టైం ఆఫీసు కిటికీ కాడికి మారినయి. అండ్ల కంప్యూటర్ ఊడదీసి స్టోరుకు పంపి వారమైంది.

రాజయ్య తాతను తోల్కపోయి తాళం తీపిచ్చిన. బ్యాటరీల యాసిడు వాసన. తడి బొగ్గు వాసన. బల్ల ఖాళీగ ఉంది. వైరు కొస గాలిల వేలాడుతున్నది. బల్ల మీద నీళ్ళు... నల్ల నీళ్ళు. తలెత్తి చూసిన. పైన కప్పు పొడిగనే ఉంది.

టక్... టక్... టక్...

గోడ అవతల. రాయితోని కొట్టినట్టు.

"తాతా... ఇనవడ్తుందా?"

"ఏంది బిడ్డా?"

ఉరికొచ్చి నా తెర చూసిన. సీమోను పేరు పక్కన నేను కొట్టిన 'బయట' లేదు. 'లోపల' అని ఉంది.

ఇంటికి పోయి అవ్వ కాళ్ళు పట్టుకున్న. "నేనే సంపిన అవ్వా, నా చేతులతోనే రాసిన," అని అంత చెప్పిన.

అవ్వ ఏడ్వలే. నా తల నిమిరింది.

"నాకెరుకే కొడుకా. రోజు మూడున్నరకు వాడే వచ్చి చెప్తడు. అన్నను ఏమనకు అవ్వా అంటడు. కూసో అంటే కూసోడు, ఇంక బయటికి రాలేదట."

లేచి రేకు పెట్టె తెరిచింది. పాత చీరెల నడుమ తలదీపం, వెలుగుతున్నది. ఆ బ్యాటరీ ఒక్క పూట కంటె ఎక్కువ రాదు. నంబరు చూసిన. నూట అరవై మూడు.

తీసుకోబోతే అవ్వ నా చెయ్యి పట్టుకున్నది. "వాడే తెచ్చిచ్చిండు. ఇది వాపసిస్తే బయట అని రాస్తరు గదా. ఇగ నా కాడికి రాడు కొడుకా."

పెట్టె మూసిన.

మరునాడు పగటీలి మూడున్నరకు సారు ఫోన్. "మళ్ళ ఒక్క పేరుతోని ఫైలంత ఆగింది. మూస్తవా, లేదా?"

"ఆగుండ్రి సార్," అన్న. "మా తమ్ముడు ఇంక రాలే."

గీ ఒక్క మాట ఆనాడే అని ఉంటే ఏం పోతుండె? నోట్ల గుడ్డ కుక్కుకొని ఏడ్చిన.

ఫోన్ల సారు మెల్లగ అడిగిండు.

"నీ పక్కన... గోడ కొడ్తున్నది ఎవరు?"