గుండ్రం కాని సిలిండరు

కొలిచే ప్రోబు చివరి కెంపుమొన సిలిండరును తాకి వెనక్కి వచ్చింది. నాలుగు చోట్ల తాకడం పూర్తికాగానే, కొలతలు తేల్చే యంత్రం నిర్ధారిణి గొంతు కొలతగదిలో వినిపించింది.

"వ్యాసం సరిగ్గా ఉంది. అంగీకారం తెలపండి."

నూకరత్నం బొటనవేలు తెరదాకా వెళ్లి ఆగిపోయింది.

సముద్రం అడుగున కట్టిన ఆ ఊళ్లో గనికి దిగాలంటే మునకగది ఎక్కాలి. దాని తలుపును నీటి బరువుకు ఎదురొడ్డి పట్టి ఉంచేవి ఈ సిలిండర్లే. ఈ పూట బిగించాల్సిన వాటిలో ఇదే ఆఖరిది. వేలు వేస్తే చాలు, మునకగది బయలుదేరుతుంది. కానీ ఇందాక రాతిబల్ల మీద దొర్లించినప్పుడు అది తడబడింది.

"మరికొన్ని చోట్ల తాకించు" అంది.

"అవసరం లేదు."

ఆమె మీట పట్టుకుని ప్రోబును తనే సిలిండరు చుట్టూ తిప్పింది. తెర మీద గీత మూడు వైపులా ఉబ్బి, ఆ ఉబ్బుల మధ్య నొక్కుకుపోయింది. ఎటునుంచి ఎటు కొలిచినా వ్యాసం ఒకటే. వస్తువు మాత్రం గుండ్రంగా లేదు. ఆ నొక్కుల్లోంచి నీరు దూరుతుంది. అంత లోతులో సన్నటి ధార చాలు, మనిషిని కోసేస్తుంది.

"నూకరత్నం, మీ నాడి వేగం పెరిగింది. మిమ్మల్ని సరిదిద్దాలా?"

సరిదిద్దించుకుని వచ్చిన కూర్మారావు పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. ఒకప్పుడు పాడుతూ పనిచేసిన మనిషి. ఇప్పుడు పేరు పెట్టి పిలిస్తే తప్ప తలెత్తడు.

"కూర్మారావు బావా, ఇది గుండ్రంగా నేదు."

"ఏలు ఏసీ పాపా" అన్నాడతను, పెదవులు కదిలీ కదలకుండా. "నన్నేటి సేసినారో నీకు తెల్దా?"

"మా సెల్లి పైడమ్మ మునకగది ఎక్కీసినాది బావా."

అతను మళ్లీ తల దించేశాడు.

"అంగీకారం తెలపండి" అంది నిర్ధారిణి మళ్లీ.

తను వేలు వేయకపోతే మరొకరితో వేయిస్తారు. కానీ ప్రోబు విరిగితే ఆ కొలత చెల్లదు, చెల్లని కొలతతో సిలిండరును తలుపుకు బిగించే అధికారం నిర్ధారిణికి లేదు. నూకరత్నం రెండు చేతులతో ప్రోబు ముల్లును పట్టుకుని విరిచేసింది. కెంపుమొన నేల మీద ఎటో దొర్లిపోయింది.

గది ఎర్రబడింది. బయట నడవాలో సరిదిద్దేవాళ్ల బూట్ల చప్పుడు మొదలైంది.

"మొదటి బల్ల చెడింది. రెండో బల్ల మీద కొలవాలి" అంది నిర్ధారిణి.

యంత్రపు చెయ్యి సిలిండరును ఎత్తి కూర్మారావు ముందు పెట్టింది. రెండో బల్ల సంగతి నూకరత్నానికి తోచనేలేదు.

కూర్మారావు సిలిండరును బల్ల మీద ఓసారి దొర్లించి చూశాడు.

"నాలుగు సోట్లే కొలవమంతావా?" అని నిర్ధారిణిని అడిగాడు.

"నాలుగే."

అతను తన ప్రోబును పట్టుకున్నాడు. ఫట్‌మని శబ్దం వచ్చింది.

నిర్ధారిణికి కొలిచే బల్లలు ఇక మిగల్లేదు. ఆ తర్వాత కింద మునకగది తెరుచుకున్న అదురు పాదాలకు తగిలింది. ఎక్కినవాళ్లు బయటికి దిగిపోతున్నారు. పైడమ్మ కూడా దిగుతూ ఉంటుంది.

కొలతగది తలుపు తెరుచుకుంది. సరిదిద్దేవాళ్లు నేరుగా నూకరత్నం వైపు వచ్చారు. కూర్మారావు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ముందు నన్నట్టుకెళ్లండి" అన్నాడు. "నాకు దారి తెలుసు."